ద్వారపాలకుడు ఒక్కడు చాలునా?



నేటి ప్రసంగ విషయము సాహిత్యము కాదు, సంగీతమును కాదు. కార్యాలయములలో ఏదో ఒక మూలగదిలో, చల్లని గాలి నడుమ, రేయింబవళ్లు గుయ్యిమని మ్రోగుచుండు యంత్రములను గూర్చినది. సాంస్కృతిక సంఘపు వేదికపై ఈ ప్రస్తావన ఏమిటని కొందరికి తోచవచ్చును. కాని ఉదయమున కుర్చీలో కూర్చుండగనే ప్రతి ఉద్యోగియు చేయు మొదటి పని ఏది? తెర మీద తన పేరును, పాస్‌వర్డును వ్రాసి లోనికి అనుమతి కోరుట. ఆ అనుమతి రెండు క్షణములలో లభించును గనుక దానిని ఇచ్చినది ఎవరో ఎవ్వరును విచారింపరు. లభింపని నాడు మాత్రము ఫైళ్లు తెరుచుకొనవు, జీతపు బిల్లులు కదలవు, పింఛను కాగితము కొరకు దూరమునుండి వచ్చిన ముసలివాడు బల్ల ముందు నిలుచుండిపోవును. ‘సర్వరు పనిచేయుట లేదు, రేపు రండి’ అను మాట ఆయనకు ఏమి అర్థమగును? బస్సు ఖర్చు వృథా అయినదని మాత్రము అర్థమగును.

ఆ అనుమతి నిచ్చు యంత్రమునకు డొమైన్ కంట్రోలరని పేరు. కార్యాలయములోని వారందరి పేర్లు, ఎవరికి ఏ గదిలో ప్రవేశము కలదో, ఏ యంత్రము ఎవరి అధీనమో, అన్నియు దానియొద్దనున్న పుస్తకములో ఉండును. మైక్రోసాఫ్టు సంస్థ 2000 ఫిబ్రవరిలో విండోస్ 2000 సర్వరుతో పాటు వెలువరించిన యాక్టివ్ డైరెక్టరీయే నేడు లోకమున ఎక్కువగా వాడుకలోనున్న ఇట్టి పుస్తకము. అందు మనుష్యుని గుర్తుపట్టు పద్ధతి మైక్రోసాఫ్టువారి సృష్టి కాదు. అమెరికాలో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థవారు 1980 ప్రాంతపు దశకములో ఎథీనా అను ప్రయత్నమున రూపొందించినది. దానికి వారు కెర్బెరోస్ అని పేరిడిరి. గ్రీకు పురాణములలో యమలోకపు వాకిలి కాయు మూడు తలల కుక్క పేరది.

దాని నడక తెలిసికొన తగినది. ఉదయమున ద్వారపాలకుడు మనిషిని పరీక్షించి ఒక చీటి ఇచ్చును. ఆ చీటి చూపి ఒక్కొక్క గదికి వేరొక చీటి పుచ్చుకొనవలెను. మొదటి చీటి సాధారణముగా 10 గంటలు చెల్లును. పాస్‌వర్డు మాటిమాటికిని తీగలపై ప్రయాణము చేయదు. అదియే ఇందలి రక్షణ. అయితే ఒక చిక్కు కలదు. ద్వారపాలకుడు పదకొండు గంటలకు మూర్ఛపోయినను, చీటీలు పుచ్చుకొనియున్నవారు కొంతసేపు పనిచేయుచునే యుందురు. క్రొత్తగా వచ్చినవానికి మాత్రము తలుపు తీయబడదు. కావున మొదటి ఫిర్యాదు వచ్చినప్పుడు, ‘మాకు బాగుగనే ఉన్నదే, మీ యంత్రములోనే ఏదో లోపము’ అని ప్రక్కవారు చెప్పుదురు. సగము పూట ఈ వాదముతోనే గడచును.

గ్రీకులు ఒకే కుక్కకు మూడు తలలు పెట్టిరి. మన శిల్పులు అట్లు చేయలేదు. ఆలయపు వాకిట ఇరుప్రక్కల ఇద్దరిని నిలిపిరి. తలలెన్ని ఉన్నను మొండెము ఒక్కటియే యైనచో ఒక్క దెబ్బతో తీరిపోవునని వారు ఎరుగుదురో లేదో గాని, యంత్రముల విషయమున సరియైన పద్ధతి శిల్పులదే. డొమైన్ కంట్రోలరు ఒక్కటి చాలదు, కనీసము రెండు వలయును. విండోస్ ఎన్.టి. కాలమున వానిలో ఒకటి ప్రధానము, తక్కినవి దాని నకళ్లు మాత్రమే. పుస్తకములో క్రొత్త పేరు వ్రాయు అధికారము ప్రధానమునకే ఉండెడిది. 2000 నుండి అన్నియు సమానములే. ఏ ఒక్కదానిలో వ్రాసినను అది తక్కినవానికి తెలియజేయును. ఐదు ప్రత్యేక విధులు మాత్రము ఎప్పుడును ఒక్కొక్కరి చేతనే ఉండును. క్రమసంఖ్యల కట్టలను 500 చొప్పున పంచి ఇచ్చుట అందొకటి. రసీదు పుస్తకములను శాఖలకు పంచి ఇచ్చు గుమాస్తా పని వంటిది. ఆ అధికారి సెలవు పెట్టినను చేతనున్న కట్ట తీరువరకు పని ఆగదు. పూర్తిగా పోయినచో మరియొకనికి బాధ్యత అప్పగింపవచ్చును. లింకు ఆఫీసరు ఏర్పాటు ఎరిగిన సభకు దీనిని ఇంతకన్న వివరింప పనిలేదు.

ఇంతవరకు సుఖముగనే ఉన్నది. ఇక ద్వారపాలకులు నివసించు ఇంటిని గూర్చి చెప్పవలెను. చిక్కులన్నియు అచ్చటనే ఉన్నవి.

పూర్వము ఒక్కొక్క పనికి ఒక్కొక్క సర్వరు ఉండెడిది. దాని శక్తిలో అధికభాగము వినియోగము లేక పోవుచుండెడిది. ఒకే పెద్ద యంత్రమును, లోపల నున్న ప్రతివాడును ఇల్లంతయు తనదే అనుకొనునట్లు, పెక్కు వాటాలుగా విభజించి ఇచ్చు విద్యకు వర్చువలైజేషను అని పేరు. విభజించి ఇచ్చు గృహయజమాని హైపర్వైజరు. వాటాలలో నున్నవి వర్చువల్ యంత్రములు. విద్య క్రొత్తది కాదు. ఐ.బి.ఎమ్. సంస్థ తన 370 తరగతి మహాయంత్రముల కొరకు 1972లోనే ఇట్టి ఏర్పాటును ప్రకటించినది. చిన్న సర్వరులకు అది వచ్చుట మాత్రము ఇటీవలి సంగతి. 1998లో ఏర్పడిన విఎంవేర్ సంస్థ 2001లో ఇ.ఎస్.ఎక్స్. సర్వరును వెలువరించినది. 2003లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమువారు జెన్ అనుదానిని లోకమునకు తెలిపిరి. 2007లో లినక్సు కెర్నెలులోనే కె.వి.ఎమ్. చేరినది. 2008లో మైక్రోసాఫ్టువారి హైపర్-వి వచ్చినది.

ఒకే కార్యాలయమున ఇద్దరు ముగ్గురు గృహయజమానులు ఎట్లు చేరుదురు? ఎవరును కోరి తెచ్చుకొన్నది కాదు. ఒక సంవత్సరపు టెండరులో ఒకరు, మరియొక సంవత్సరమున వేరొకరు వత్తురు. రెండు శాఖలు కలిసినప్పుడు రెండు సామగ్రులును వచ్చి చేరును. 2023 నవంబరులో బ్రాడ్‌కామ్ సంస్థ విఎంవేరును కొనినది. ఆ డిసెంబరులోనే, ఒకసారి కొని చిరకాలము వాడుకొను అనుమతుల విక్రయము ఆపివేసి, కాలపరిమితి చందా పద్ధతినే నిలిపినది. ఖర్చు లెక్కలు చూచుకొని పెక్కు సంస్థలు హైపర్-వి వైపు, కె.వి.ఎమ్. ఆధారముగా గల ప్రాక్స్‌మాక్స్ మొదలైనవాని వైపు చూడ మొదలిడినవి. అయితే సంసారమంతయు ఒక్క రాత్రిలో మారునా? సగము సామాను పాత ఇంట, సగము క్రొత్త ఇంట ఉండు స్థితి నెలల తరబడి, ఒక్కొక్కచోట సంవత్సరముల తరబడి సాగును. ఈ సంకరస్థితిని అందరును నిందింతురు. ద్వారపాలకుల విషయమున మాత్రము ఇది నిందింపదగినది కాదు.

ఎందుకనగా, రెండు డొమైన్ కంట్రోలర్లు ఉన్నవని కాగితముపై వ్రాసికొని, ఆ రెంటిని ఒకే గృహయజమాని క్రింద, ఒక్కొక్కప్పుడు ఒకే పెట్టెలో ఉంచిన కార్యాలయములు లేకపోలేదు. పెట్టె కాలినచో ఇద్దరును కాలుదురు. వేర్వేరు పెట్టెలలో ఉంచినను, ఒకే జాతి హైపర్వైజరైనచో దానికి వచ్చిన రోగము ఇద్దరికిని వచ్చును. 2023 ఫిబ్రవరిలో విఎంవేర్ ఇ.ఎస్.ఎక్స్.ఐ. యంత్రములపైననే గురిపెట్టిన దాడి యొకటి అనేక దేశములలో వేలకొలది సర్వరులను తాకినది. రెండు సంవత్సరములకు పూర్వమే సవరణ వెలువడిన లోపము ద్వారా అది ప్రవేశించినదని అప్పటి హెచ్చరికలు తెలిపినవి. ఒక కంట్రోలరు విఎంవేరుపై, రెండవది హైపర్-విపైనో కె.వి.ఎమ్.పైనో ఉన్న కార్యాలయములో ఇట్టి దినమున ఒక వాకిలి మూతపడును, రెండవది తెరిచియుండును.

అయితే ఇచ్చట ఒక ఉపాయము తెలియక పలువురు కష్టపడుదురు. ఒక జాతి ఇంటనుండి మరియొక జాతి ఇంటికి వర్చువల్ యంత్రమును నడుచుచుండగనే మార్చుట వీలుకాదు. ఒకరి డిస్కు రూపము మరియొకరికి పనికిరాదు, విఎంవేరుది వి.ఎమ్.డి.కె., హైపర్-విది వి.హెచ్.డి.ఎక్స్. మార్పిడి చేయు సాధనములు ఉన్నవి. తక్కిన సర్వరులకు అవి చాలును. డొమైన్ కంట్రోలరును మాత్రము మూటగట్టి మోయనక్కరలేదు. క్రొత్త ఇంట క్రొత్త కంట్రోలరును పుట్టించి, పాతదానితో పరిచయము చేసినచో, పుస్తకమంతయు తానే వ్రాసికొనును. అటుపిమ్మట పాతదానికి మర్యాదగా పదవీవిరమణ ఈయవచ్చును. మోసికొనిపోవుటలో ఎంత ప్రమాదమున్నదో మరికొంతసేపటిలో తెలియగలదు.

ముందుగా తాళపుచెవి సంగతి. బీరువా తాళపుచెవిని బీరువాలోనే పెట్టి తాళము బిగించినట్లు, ఈ యంత్రాలయములలో జరుగుట కద్దు. రాత్రి విద్యుత్తు పోయినది, బ్యాటరీలు అయిపోయినవి, సమస్తమును ఆగినది. ఉదయమున విద్యుత్తు వచ్చినది. వర్చువల్ యంత్రములను లేపుటకు గృహయజమాని యొద్దకు పోవలెను. అతడు ‘నీవెవరవు? ద్వారపాలకుని అనుమతి ఏది?’ అని అడుగును. ద్వారపాలకుడా, ఆ ఇంటిలోనే నిద్రించుచున్నాడు. విత్తు ముందా చెట్టు ముందా అన్నట్లు రెండును ఒకదానికై ఒకటి ఎదురుచూచుచు కూర్చుండును. ఇది హాస్యమునకు చెప్పినది కాదు. విండోస్ సర్వర్ 2008 ఆర్2 నాటి హైపర్-వి సమూహములు లేచి నిలుచుటకే డొమైన్ కంట్రోలరు కావలసియుండెను. కంట్రోలర్లన్నియు ఆ సమూహములోనే ఉంచినవారు విద్యుత్తు పోయిన దినమున చిక్కుపడిరి. 2012 రూపములో, కంట్రోలరు లేకపోయినను సమూహము లేచునట్లు మైక్రోసాఫ్టువారు సవరించిరి.

సవరణ వచ్చినది గదా యని నిశ్చింతగా ఉండరాదు. ఆ తాళపుచెవి వేరు వేషములలో మరల బీరువాలో చేరును. యంత్రముల పేర్లకు చిరునామాలు చెప్పు డి.ఎన్.ఎస్. సేవ చాలచోట్ల డొమైన్ కంట్రోలరే చేయును. డిస్కులు దాచు భాండారమును పేరుతో పిలిచినచో, ఆ పేరు చెప్పువాడు ఆ భాండారములోనే నిద్రించుచుండును. కావున అనుభవజ్ఞులు కొన్ని పట్టింపులు పాటింతురు. గృహయజమానికి డొమైనుతో సంబంధము లేని స్థానిక ఖాతా ఒకటి ఉంచి, దాని పాస్‌వర్డును కాగితముపై వ్రాసి, కవరులో పెట్టి, లక్కవేసి భద్రపరుతురు. ఒక కంట్రోలరునైనను ఉమ్మడి భాండారములో గాక ఆ పెట్టెలోని సొంత డిస్కుపైననే ఉంచుదురు. విద్యుత్తు రాగానే అందరికన్న ముందు అదే లేచునట్లు వరుస నిర్ణయింతురు. ధనము, చోటు ఉన్నవారు ఏ హైపర్వైజరును లేని ఒక చిన్న సర్వరుపై మూడవ కంట్రోలరును నడుపుదురు. ఈ కాలమున అది పాతబడిన అలవాటని నవ్వువారు ఉన్నారు. నవ్వనిండు. విద్యుత్తు పోయిన మరునాడు ఎవరు నవ్వుదురో చూడవచ్చును.

రెండు జాతుల హైపర్వైజర్లు ఉన్నను, రెండును ఒకే డిస్కుల భాండారముపై, ఒకే స్విచ్చుపై, ఒకే బ్యాటరీపై నిలిచియున్నచో గదులు రెండైనను దూలము ఒక్కటియే. పట్టికలో రెండు వేరు పేర్లు చూచి సంతృప్తిపడు తనిఖీ అధికారి ఈ దూలమును చూడడు. తీగ పట్టుకొని గోడవరకు నడిచిననే అది కానవచ్చును.

మరియొక మాట. గృహయజమానికి వాటాలన్నిటి తాళపుచెవులు ఉండును. డొమైన్ కంట్రోలరుయొక్క డిస్కును నకలు తీసికొనిన వానికి అందరి రహస్యములును దొరకినట్లే. కావున హైపర్వైజరును చూచువానిని ద్వారపాలకుని అధికారులతో సమానమైన నమ్మకముతోనే నియమింపవలెను. జాతులు రెండైనచో అట్టి నమ్మకస్థులును ఇరుగుంపులగుదురు. దీనికి తిరుగువైపు కూడ కలదు. 2024 జూలైలో మైక్రోసాఫ్టువారు ఒక విచిత్రమైన లోపమును వెల్లడించిరి. ఇ.ఎస్.ఎక్స్.ఐ. యంత్రమును డొమైనులో చేర్చినచో, ‘ఇ.ఎస్.ఎక్స్. అడ్మిన్స్’ అను పేరుగల గుంపులోనివారికందరికిని అది సర్వాధికారము ఇచ్చుచుండెను. ఆ గుంపు మొదట లేకపోయినను, ఎవరో ఆ పేరుతో ఒకటి సృష్టించినను చాలుచుండెను! దోపిడికాండ్రు దానిని అప్పటికే వాడుకొనుచుండిరి. బోర్డు మీద పేరు వ్రాసికొన్నవాడే అధికారి యైనట్లు. ఇందుచేతను గృహయజమాని సంగతి వేరు, ద్వారపాలకుని సంగతి వేరుగా ఉంచుటయే క్షేమము.

ఇక మోసికొనిపోవుటలో గల ప్రమాదము. దీనిని సచివాలయమున సెక్షనులో డైరీ పుస్తకము వ్రాసినవారు సులభముగా గ్రహింపగలరు. వచ్చిన ప్రతి కాగితమునకు ఒక వరుస సంఖ్య వేయుట వాడుక. ప్రక్క సెక్షనువారు ‘మీ పుస్తకమునుండి 1200 వరకు మాకు అందినవి’ అని గుర్తుపెట్టుకొని, మరునాడు ‘1201 నుండి ఇండు’ అని అడుగుదురు. డొమైన్ కంట్రోలర్లు ఒకదానికొకటి మార్పులను తెలుపుకొనునది సరిగా ఇట్లే. ప్రతి మార్పునకు ఒక సంఖ్య. ప్రతి సంఖ్యకు ఎదుటివాని పుస్తకములో గుర్తు.

వర్చువల్ యంత్రములకు స్నాప్‌షాట్ అను సౌకర్యము కలదు. ఈ క్షణపు స్థితిని పటము తీసియుంచి, రేపు ఏదైన చెడినచో ఈ క్షణమునకు తిరిగి పోవచ్చును. తక్కిన సర్వరులకు ఇది వరము. డొమైన్ కంట్రోలరుకు ఏమగును? డైరీ పుస్తకము నిన్న 1200 వరకు వచ్చినది. ఎవరో మొన్నటి పటమునకు తిప్పిరి. పుస్తకము 1000 వద్దకు పోయినది. ఈ దినము వచ్చిన క్రొత్త కాగితములకు 1001, 1002 అని సంఖ్యలు పడినవి. ప్రక్క సెక్షను ‘1201 నుండి ఇండు’ అని అడుగును. ఇచ్చటివారు ‘ఇంకను అంతదూరము రాలేదు’ అందురు. ఇరువురును సత్యమే పలుకుచున్నారు. నడుమ రెండువందల కాగితములు ఎన్నడును చేరవు. పనినుండి తొలగించిన ఉద్యోగి ఒక కంట్రోలరువద్ద తొలగినవాడు, మరియొకదానివద్ద లోనికి పోదగినవాడు. మార్చిన పాస్‌వర్డు ఒక వాకిట చెల్లును, ఇంకొక వాకిట చెల్లదు. దీనిని గుర్తించినప్పుడు యంత్రము తన వాకిలి తానే మూసికొనును. గుర్తింపని సందర్భములు మరింత ప్రమాదకరములు, ఏలయనగా ఎక్కడను కేక వినబడదు.

2012లో దీనికి మందు దొరికినది. హైపర్వైజరు తాను పోషించు ప్రతి వర్చువల్ యంత్రమునకు ఒక జన్మసంఖ్య ఇచ్చును. వెనుకటి పటమునకు తిప్పినను, నకలు తీసినను ఆ సంఖ్య మారును. విండోస్ సర్వర్ 2012 మొదలు డొమైన్ కంట్రోలరు ఆ సంఖ్యను తన పుస్తకములో వ్రాసికొని, ప్రతి మార్పునకు ముందు సరిచూచుకొనును. సరిపోలనిచో ‘నన్ను వెనుకకు తిప్పినారు’ అని గ్రహించి, పాత డైరీ పుస్తకమును మూసి, క్రొత్త పేరుతో క్రొత్త పుస్తకము తెరచును; చేతనున్న క్రమసంఖ్యల కట్టను పారవేసి క్రొత్తది తెచ్చుకొనును. మిక్కిలి తెలివైన ఏర్పాటు. కాని అది గృహయజమాని సత్యము పలికిననే పనిచేయును. హైపర్-వి 2012 రూపము నుండియు, విఎంవేరు 5.0 తరగతి రెండవ సవరణ నుండియు ఆ సంఖ్యను ఇచ్చుచున్నవి. సంకరగృహమున ఒకడు ఇచ్చుచు మరియొకడు ఇయ్యకుండుట సంభవము. డిస్కు ఫైలును చేతితో నకలుచేసి పాతదానిపై పెట్టినచో ఏ హైపర్వైజరును చెప్పలేదు. కావున మందు దొరికినదని పథ్యము మానరాదు. డొమైన్ కంట్రోలరును వెనుకకు తిప్పకుండుటయు, చెడినదానిని తీసివేసి క్రొత్తదానిని పుట్టించుటయు నేటికిని ఉత్తమమార్గము.

గడియారము సంగతి క్లుప్తముగా. కెర్బెరోస్ చీటీపై కాలము వ్రాయబడియుండును. గడియారములు 5 నిమిషములకు మించి తేడాపడినచో చీటి చెల్లదు. వర్చువల్ యంత్రము తన గడియారమును గృహయజమానిని చూచి దిద్దుకొనును. గృహయజమాని డొమైనులోనివాడైనచో ద్వారపాలకుని చూచి దిద్దుకొనును. ఇద్దరును ఒకరినొకరు చూచుకొనుచు, కలసికట్టుగా సత్యమునకు దూరముగా పోవుదురు! ఇద్దరు గృహయజమానులున్నచోట రెండు వేర్వేరు దిక్కులకు పోవుదురు. దీనికి ఒకే మందు: ప్రధాన కాలనిర్ణయము చేయు కంట్రోలరు ఇంటిలోని ఎవరిని చూడక, వెలుపలి నమ్మదగిన గడియారమునే చూడవలెను. 2022 ఏప్రిలు 28వ తేదీన సెర్ట్-ఇన్ వెలువరించిన ఆదేశములలో, గడియారములను జాతీయ భౌతిక ప్రయోగశాలతోనో, ఎన్.ఐ.సి.తోనో, వానికి అనుబద్ధమైన వానితోనో సరిచూచుకొనవలెనని విధించిరి. పలువురు దానిని మరియొక సర్క్యులరుగా ఫైలులో చేర్చిరి గాని, ద్వారము తెరుచుకొనుటకే అది ఆధారమని గమనించినవారు తక్కువ.

ఇన్ని జాగ్రత్తలు తీసికొన్నను మిగిలిపోవు ప్రమాదమొకటి కలదు. అది 2017 జూన్ 27న డెన్మార్కు దేశపు మేర్స్క్ నౌకాసంస్థకు తెలియవచ్చినది.

ప్రపంచపు కంటెయినరు సముద్రవర్తకములో సుమారు అయిదవవంతు ఆ సంస్థ చేతిమీదుగా నడచుచుండెను. ఉక్రెయిను దేశములో పన్నులెక్కల కొరకు విస్తారముగా వాడబడు ఎం.ఇ.డాక్ అను ప్రోగ్రాముయొక్క సవరణలలో శత్రువులు విషము కలిపిరి. నాట్‌పెట్యా అని దానికి పేరు వచ్చినది. ఉక్రెయినులోని కార్యాలయపు యంత్రము ద్వారా ప్రవేశించి, స్మృతిలో దొరకిన అధికారుల పాస్‌వర్డులను ఎత్తుకొని, వాకిలి వెంట వాకిలి తెరచుకొనుచు పోయినది. డబ్బు అడుగునట్లు నటించినది గాని నిజమునకు అది నాశనము చేయుటకే పుట్టినది. కోపెన్‌హాగెన్‌లో తెరలు ఒకటి వెంట ఒకటి నల్లబడినవి. సంస్థయొక్క 76 రేవులలో 17 స్తంభించినవి. ముంబయి చెంత జవహర్‌లాల్ నెహ్రూ రేవులోని ఒక కంటెయినరు ఘట్టము కూడ అందులో చిక్కుకొన్నది. మేర్స్క్ అనుబంధ సంస్థతో పాటు భారత ప్రభుత్వరంగపు కంటెయినర్ కార్పొరేషనుకు అందులో భాగము కలదు. లారీలు గేటు వెలుపల బారులుతీరి నిలిచినవి.

మేర్స్క్‌వారికి డొమైన్ కంట్రోలర్లు రెండు కాదు, మూడు కాదు, సుమారు 150 ఉండెను. లోకమంతట వ్యాపించియుండెను. ఏ ఒక్కటి పోయినను తక్కినవి నిలుచుననియు, వానిలో దేనినుండియైనను పుస్తకమును తిరిగి వ్రాసికొనవచ్చుననియు వారి లెక్క. లెక్క తప్పు కాదు. కాని అన్నియు ఒక్కసారి పోవునని ఎవరును ఊహింపలేదు. తక్కిన సర్వరులకు వేరుగా దాచిన నకళ్లు దొరకినవి; ద్వారపాలకుల పుస్తకమునకు మాత్రము ఎచ్చటను నకలు లేదు. నకళ్లన్నియు బ్రతికి, ఒకదానితో ఒకటి మాటలాడుకొనునవే. అది లేక ఏ సర్వరును లేవదు.

లోకము నలుమూలల కంట్రోలర్లున్న కార్యాలయములను అడుగగా, ఆఫ్రికాలో ఘానా దేశమునందు ఒకటి బ్రతికియున్నదని తెలిసినది. దాడికి ముందే అచ్చట విద్యుత్తు పోయినది. ఆ యంత్రము ఆగిపోయి, తీగలతో సంబంధము లేక, అందుచేతనే విషమునకు అందలేదు. విద్యుత్తు కోతలను తిట్టని దేశములేదు. ఆ ఒక్క దినమున అది ఒక మహాసంస్థను కాపాడినది. పుస్తకమును తీగలపై ఇంగ్లండునకు పంపనెంచిరి. ఘానానుండి తీగ సన్నము, రోజులు పట్టును. అచ్చటి ఉద్యోగులలో ఎవరికిని బ్రిటిషు వీసా లేదు. అంతట ఘానా ఉద్యోగి యొకరు డిస్కును చేతపట్టుకొని నైజీరియాకు ఎగిరి, విమానాశ్రయమున మరియొక ఉద్యోగికి అప్పగించిరి. ఆయన దానిని తీసికొని లండనుకు బయలుదేరిరి. వేల ఓడల గమ్యము ఒక చేతిసంచిలో ఉండెను.

అటుపిమ్మట పది దినములలో 4,000 సర్వరులను, 45,000 కంప్యూటర్లను, 2,500 ప్రోగ్రాములను తిరిగి నెలకొల్పితిమని ఆ సంస్థ అధ్యక్షుడు 2018 జనవరిలో దావోస్ సభలో ప్రకటించిరి. నష్టము 25 నుండి 30 కోట్ల డాలర్లవరకు ఉండునని సంస్థయే అంచనా వేసినది.

ఈ కథ విన్నవారు సాధారణముగా అదృష్టమును గూర్చి మాటలాడుదురు. కాని ఘానా యంత్రము చేసిన పనిని బుద్ధిపూర్వకముగా చేయించుట కష్టము కాదు. డొమైన్ కంట్రోలరుయొక్క స్థితిని దాని స్వభావమునకు తగిన సాధనముతో, స్నాప్‌షాటుతో కాదు, నకలు తీసి, ఆ నకలును తీగలనుండి విప్పి, డొమైను పాస్‌వర్డుతో తెరుచుకొనని పెట్టెలో ఉంచవలెను. వీలైనచో వేరొక ఊరిలో ఉంచవలెను. ఎన్.ఐ.సి.వారి జాతీయ డేటాకేంద్రములు ఢిల్లీ, పుణె, హైదరాబాదు, భువనేశ్వర్ నగరములలో ఉన్నవన్నచో, ఊరి భేదముయొక్క విలువ ప్రభుత్వమునకు తెలియనిది కాదు. ఆ నకలునకు వయస్సు కూడ ఉన్నది. పుస్తకమునుండి కొట్టివేసిన పేర్లను కంట్రోలర్లు సాధారణముగా 180 దినములు మాత్రమే గుర్తుంచుకొనును. అంతకన్న పాత నకలును లేపినచో చనిపోయిన పేర్లు మరల బ్రతికివచ్చును. కావున నకలు తాజాగా ఉండవలెను, ఎవరికిని అందకుండవలెను. ఈ రెండును ఒకదానికొకటి విరుద్ధములే. వారమునకొకసారి తీసి, తగిలించి, విప్పు శ్రమను ఒక మనిషి పడవలసినదే; ఆ మనిషి పేరు విధుల పట్టికలో ఉండవలెను.

ఇవన్నియు ఉన్నవో లేవో తెలియుటకు ఒక సెలవుదినమున పరీక్షించుట తప్ప దారిలేదు. ముందుగా అందరికిని తెలిపి, ఒక జాతి హైపర్వైజరును పూర్తిగా ఆపి, రెండవ వాకిట లోనికి పోగలరో చూడవలెను. తరువాత దానిని లేపి రెండవదానిని ఆపవలెను. చివరకు రెంటిని ఆపి, గదిలోని దీపములు మాత్రము ఉంచుకొని, మొట్టమొదట ఏది ఏ చేతితో లేచునో కాగితముపై ఉన్న వరుస ప్రకారము నడపవలెను. ఆ కాగితము కాగితముగనే ఉండవలెనని వేరుగా చెప్పనక్కరలేదు. సర్వరులో దాచిన సూచనలు సర్వరు ఆగినప్పుడు చదువుటకు వీలుకాదు. ఇట్టి పరీక్షలలో మొదటిసారి యంత్రములు విఫలమగుట అరుదు. లక్కవేసిన కవరు విప్పిన తరువాతనే చిక్కు వచ్చును. లోపలి పాస్‌వర్డు మూడేండ్ల క్రిందటిది. వ్రాసినవారు బదిలీయై పోయినారు. సున్నయో ఓ అక్షరమో తెలియని చేవ్రాత. అప్పుడు ఆయనకు టెలిఫోను చేయుదురు, ఆయన ఆలోచించి చెప్పుదురు, క్రొత్త కవరు వ్రాయుదురు.